బయట మాడి, లోపల పచ్చిగా: ఎయిర్ ఫ్రయర్‌ను అమ్మేయాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్నాం. ఏడేళ్ల బాబు ఉన్నాడు. రెండు నెలలుగా మా అత్తయ్య కూడా మా దగ్గరే ఉంటున్నారు. మా ఆయన ఆరున్నరకల్లా ఇంటికి వచ్చేస్తారు. నేను వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. వారానికి నాలుగు రోజులు బయటి తిండే అవుతోందని బాధపడి, పండగ ఆఫర్‌లో నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రయర్ కొన్నాను. చికెన్, కూరగాయలు కలిపి పడేస్తే అరగంటలో భోజనం అయిపోతుందనుకున్నాను. మూడుసార్లు చేశాను. మొదటిసారి ముక్కలు బయట నల్లగా, ఎముక దగ్గర ఎర్రగా ఉన్నాయి. రెండోసారి ఇంకాసేపు ఉంచితే పీచుపీచుగా ఎండిపోయాయి. మూడోసారి క్యాప్సికం, బీన్స్ కూడా వేస్తే అన్నీ నీళ్లూరి ఉడికిపోయాయి, పైగా పొగ. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కాలి ప్లాస్టిక్ వాసన వచ్చింది. అత్తయ్య ఒక్క మాట అనరు, కానీ పెరుగన్నం తిని లేచిపోతారు. నాకు రోజూ అదే టెన్షన్. దీన్ని అమ్మేయడమే మంచిదా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

సమాధానం: అమ్మేయకండమ్మా. మీరు చెప్పిన మూడు వంటలూ మూడు రకాలుగా చెడినట్టు కనిపిస్తున్నాయి కానీ, వాటి వెనక ఉన్న కారణం దాదాపు ఒక్కటే. అది తెలిస్తే మీ దగ్గరున్న ఆ నాలుగు లీటర్ల మెషిన్ నలుగురికీ సరిపోతుంది.

వంటకంటే ముందు ఆ ఎక్స్‌టెన్షన్ బాక్స్ సంగతి. దాన్ని ఈ రోజే తీసేయండి. ఆ సైజు ఎయిర్ ఫ్రయర్లు సాధారణంగా 1,400 నుంచి 1,500 వాట్లు లాగుతాయి. 1,500 వాట్లంటే మన 230 వోల్టుల కరెంటు మీద ఆరున్నర ఆంపియర్లు. ఫోన్ చార్జర్లు పెట్టుకునే మామూలు సాకెట్ 6 ఆంపియర్లది, చవక ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలావరకు అంతకే తయారవుతాయి. అరగంటసేపు దాని శక్తికి మించి లాగితే లోపలి రేకులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. మీకు వచ్చిన వాసన అదే. ఫ్రిజ్‌కో గీజర్‌కో పెట్టే పెద్ద రంధ్రాల 16 ఆంపియర్ల సాకెట్‌లో నేరుగా పెట్టండి. అద్దె ఇళ్లలో వంటింటికి అలాంటిది ఒక్కటే ఉండి, అది ఫ్రిజ్ వెనక్కి పోతుంది. అలా అయితే ఓనర్‌ను అడిగి గట్టు మీద ఇంకొకటి వేయించుకోండి. దానికయ్యే ఖర్చు గురించి ఆలోచించవద్దు. అప్పటిదాకా హాల్లో 16 ఆంపియర్ల సాకెట్ ఉంటే అక్కడ గట్టి బల్ల మీద, గోడకు ఓ జానెడు దూరంగా పెట్టుకోండి. మెషిన్ వెనక నుంచి వేడి గాలి బయటికి పోవాలి.

ఇక చికెన్. ఫ్రయర్ అనే పేరు చూసి మనం దీన్ని మూకుడులా వాడతాం. మూకుడులో నూనె ముక్కను అన్ని వైపులా చుట్టుకుంటుంది. ముక్కలు ఒకదానికొకటి తగిలినా గరిటెతో కదిపితే సందుల్లోకి నూనె వెళ్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో నూనె చేసే పని గాలి చేయాలి. పైన ఒక కాయిల్, దాని మీద ఒక ఫ్యాన్, కింద చిల్లుల బుట్ట. ఫ్యాన్ తోసిన వేడి గాలి ముక్కల చుట్టూ తిరిగి, చిల్లుల్లోంచి కిందికి దిగి, మళ్లీ పైకి రావాలి. అది చిన్న ఓవెన్, అంతే. బుట్టను సగానికి నింపారంటే గాలికి దారి మూసేసినట్టే. పైవరసకు కాక తగిలి మాడుతుంది, కిందివరస తన నీళ్లలో తనే ఉడుకుతుంది.

రెండోది తడి. ముక్క పైన నీళ్లున్నంతసేపు అక్కడి వేడి నీరు మరిగే దగ్గరే ఆగిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. ముక్క ఎర్రబడి వేగిన వాసన రావాలంటే దాని పైభాగం 140 డిగ్రీలు దాటాలి. నీళ్లు పోయేదాకా అది జరగదు. మీ క్యాప్సికం, బీన్స్, కడిగిన చికెన్, పలచటి పెరుగు మసాలా అన్నీ కలిసి బుట్టలోకి ఎంత నీరు తెచ్చాయో ఆలోచించండి. ఈ మెషిన్ చేసే పనల్లా ఆ తడిని లాగేయడమే. తక్కువ తడి ఇస్తే వేయిస్తుంది. ఎక్కువిస్తే ఆవిరితో ఉడికిస్తుంది. ఉన్న తడంతా పోయాక కూడా ఇంకా నడిపితే ముక్క ఎండిపోతుంది.

కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను. మా తమ్ముడు రామమూర్తినగర్‌లోని మా ఇంటికి వచ్చిన రోజు, కర్రీ కట్ కేజీ చికెన్ మొత్తం ఒక్కసారే బుట్టలో పోసి 200 డిగ్రీలు పెట్టాను. పైన చూస్తే చక్కగా ఎర్రగా ఉంది. వాడు తొడ ముక్క విరిచేసరికి ఎముక వెంబడి ఎర్రటి చార. పసిపిల్ల తినబోయిన పళ్లెం లాగేసి, అన్నీ మూకుడులో వేసి మళ్లీ ఉడికించాను. పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో 'కొంచెం పచ్చిగా ఉంటే ఏమవుతుంది' అనుకోవడానికి లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్ ఉంది. కొన్ని వందల రూపాయల వస్తువు. ముక్కలో అన్నిటికంటే లావుగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. అప్పుడు లోపల ఉడికినట్టు. రంగు చూసి చెప్పడం ఒక్కోసారి తప్పుతుంది, అంకె తప్పదు.

వారం మధ్యలో రాత్రి వంటకు కర్రీ కట్ తేకండి. అందులో రొమ్ము, మెడ, తొడ అన్నీ ఉంటాయి. రొమ్ము ముక్క పది నిమిషాల్లో అయిపోతుంది, తొడ ఎముక దగ్గర ఇంకా పచ్చిగానే ఉంటుంది. రెంటినీ ఒకే బుట్టలో ఒకే టైముకు దించడం కుదరదు. షాపులో థై బోన్‌లెస్ అని గట్టిగా అడగండి, బోన్‌లెస్ అని ఊరుకుంటే రొమ్ము కొట్టిస్తారు. తొడ మాంసంలో కొవ్వు ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా ఎండిపోదు. మీ బాబుకు లెగ్ పీసే కావాలంటే ఆదివారం చేయండి. ఎముక దాకా తగిలేలా రెండు వైపులా గాట్లు పెట్టి, 180 డిగ్రీల మీద 22 నుంచి 25 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి.

అర కేజీ థై బోన్‌లెస్‌ను ఒకటిన్నర అంగుళం ముక్కలు చేయించండి. కడగడం గురించి ఒక మాట. పచ్చి చికెన్‌ను కుళాయి కింద కడిగితే ఆ చిందే నీళ్లతో సూక్ష్మజీవులు సింకంతా, పక్కనున్న గిన్నెలకు పాకుతాయి, అందుకే కడగవద్దని ఆహార భద్రత నిపుణులు చెప్తారు. వేడికి అవి ఎలాగూ చస్తాయి. మన ఇళ్లలో పసుపు, ఉప్పు వేసి కడగనిదే ముక్క ముట్టుకోరు, అది నాకూ తెలుసు. తప్పదనుకుంటే కుళాయి కట్టేసి, లోతైన గిన్నెలో చిందకుండా కడిగి, సింకును సబ్బుతో తోమేయండి. తర్వాత అసలు పని. చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఒడకట్టి, టిష్యూ పేపర్‌తో ప్రతి ముక్కనూ అద్దండి. ఈ అద్దడం విసుగ్గా ఉంటుంది. దాన్ని మాత్రం వదలకండి.

మసాలా మన పద్ధతిదే. చెంచా ఉప్పు, చెంచాన్నర కారం, పావు చెంచా పసుపు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, చెంచా ధనియాల పొడి, అర చెంచా గరం మసాలా, మిరియాల పొడి ఉంటే కాస్త. రెండు పెద్ద చెంచాల గట్టి పెరుగు, అంటే బట్టలో వేలాడదీసినంత గట్టిగా ఉండాలి. పైన ఒక పెద్ద చెంచా నూనె. నూనె లేకుండా చేయమని పెట్టె మీద రాసి ఉన్నా నమ్మకండి. ఆ చెంచాడు నూనె ముక్క ఎర్రగా వేగడానికి సాయపడుతుంది, కారాన్ని పట్టి ఉంచుతుంది. పొడి మసాలా పొడిగా చల్లితే ఫ్యాన్ గాలికి ఎగిరి కాయిల్ మీద పడి మాడుతుంది. మీరు ప్రొద్దుటూరువారు కాబట్టి ఎండుకొబ్బరి, గసగసాలు వేయాలనిపిస్తుంది. అవి ముందే పట్టిస్తే నల్లబడతాయి. దించాక వేడి మీద చల్లుకోండి. నిమ్మరసం కూడా చివర్లోనే. రాత్రంతా పులుపులో నానితే ముక్క పైభాగం పిండిలా మెత్తబడుతుంది.

ఇదంతా సాయంత్రం చేస్తానంటే అరగంట మాట మర్చిపోవాలి. ముందు రోజు రాత్రి పది నిమిషాలు తీసి, మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పడేయండి. ఆదివారం కేజీ తెస్తే రెండు డబ్బాలు చేయొచ్చు. ఒకటి ఫ్రిజ్‌లో ఉంచి సోమవారం వండేయాలి. రెండోది ఫ్రీజర్‌లో, పలచగా పరిచి. దాన్ని బుధవారం రాత్రి కింది అరలోకి దించితే గురువారం సాయంత్రానికి కరిగి ఉంటుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట. మీ ఆయన ఆరున్నరకు ఇంట్లో ఉంటారని మీరే రాశారు. మరి ఏడున్నర దాకా ఆ వంట మీ కోసం ఎందుకు ఎదురుచూడాలి? ఈ మెషిన్‌తో మీకు దొరికే అసలు లాభం ఇదేనని నేను అనుకుంటాను. మూకుడు ముందు నిలబడి మంట చూసుకోవడం అలవాటు లేనివాళ్లు కూడా బుట్ట లోపలికి తోసి నిమిషాలు పెట్టగలరు. చేయలేరని అనుకోకండి, సాయం చేయండి అని బతిమాలకండి కూడా. 'సోమ, గురువారాలు రాత్రి వంట మీది' అని చెప్పండి. పక్కన అత్తయ్య ఉన్నారని మొహమాటపడతారేమో. మొదటి రోజు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, నాలుగో వారానికి అది ఇంట్లో మామూలు సంగతైపోతుంది.

ఆయన చేయాల్సింది ఇది. రాగానే డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టాలి. చల్లటి ముక్క లోపలికి వేడి ఆలస్యంగా వెళ్తుంది, మీకు ఎముక దగ్గర ఎర్రగా ఉండటానికి అదీ ఒక కారణం. ఓ ఇరవై నిమిషాలు బయట ఉంటే చాలు, గంటలకొద్దీ ఉంచకూడదు. ఈలోగా బియ్యం కడిగి కుక్కర్లో పెట్టాలి. ఏడింటికి ఖాళీ మెషిన్‌ను మూడు నిమిషాలు వేడి చేసి, ముందు కూరగాయలు వేయాలి. అవును, చికెన్ కంటే ముందు. అన్నీ ఒకేసారి వేయాలనుకోవడమే మూడోసారి మిమ్మల్ని దెబ్బతీసింది. నాలుగు లీటర్ల బుట్ట అడుగు ఓ పుల్కా అంత ఉంటుంది. అర కేజీ చికెన్ ఒక్క వరసలో పరిస్తే దాదాపు నిండిపోతుంది. కూరగాయలకు చోటెక్కడిది?

గట్టివి, మెత్తవి ఒకేలా వేగవు. క్యారట్‌ను సగం వేలి లావున నిలువుగా కోసి, కాలీఫ్లవర్‌ను చిన్న పువ్వులుగా విడదీసి, బీన్స్‌ను రెండంగుళాలుగా తుంచి, చెంచా నూనె పట్టించి 180 డిగ్రీల మీద వేయాలి. ఐదు నిమిషాల తర్వాత పెద్ద చదరపు ముక్కలుగా కోసిన క్యాప్సికం, రేకులుగా విడదీసిన ఉల్లిపాయ కలిపి బుట్టను ఒకసారి గట్టిగా కుదపాలి. ఇంకో ఐదారు నిమిషాలు. అంచులు గోధుమరంగుకు తిరగగానే తీసేయాలి. ఉప్పు తీశాకే. ముందే వేస్తే నీళ్లూరుతుంది. టొమాటో వద్దు. ఆకుకూరలు అసలు వద్దు. కరివేపాకు రెబ్బలు విడిగా వేస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఒక్క ఆకు గాలికి లేచి, ఎర్రగా కాలుతున్న కాయిల్‌కు అతుక్కుని అక్కడే బొగ్గయింది, పది నిమిషాలు ఇల్లంతా ఆ వాసనే. కరివేపాకు కావాలంటే నూనె రాసి ముక్కల కింద అణిచి పెట్టండి. బుట్టలో వేసే కాగితం కూడా అంతే, దాని మీద బరువు లేకుండా మెషిన్ ఆన్ చేయకూడదు.

మీ ఊళ్లో కూరగాయల బండి మీద లేత ఆకుపచ్చగా, ముడతలు పడి బేరిపండులా ఉండే కాయ చూసే ఉంటారు. ఇక్కడ సీమె బదనెకాయి అంటారు. మనం పిలిచేది బెంగళూరు వంకాయ అని. దాన్ని పప్పులోనే వేస్తాం కానీ, చెక్కు తీసి, పలచటి ముక్కలు కోసి, బట్టతో తడి అద్ది 180 మీద పన్నెండు నిమిషాలు వేయించి చూడండి. లోపల తియ్యగా, అంచులు కరకరగా వస్తాయి. పిల్లలు చిప్స్ అనుకుని తింటారు. బెండకాయ కూడా ఈ మెషిన్‌కు బాగా సరిపోతుంది, జిగురు మొత్తం పోతుంది.

కూరగాయలు పళ్లెంలోకి తీసి, మెషిన్ చల్లారకముందే చికెన్ పరచాలి. ముక్కకూ ముక్కకూ మధ్య కాస్త సందు. 190 డిగ్రీలు, ఏడు నిమిషాలు. బుట్ట లాగి, పటకారుతో ఒక్కో ముక్కను తిరగేసి, ఇంకో ఆరు నిమిషాలు. 200 పెట్టవద్దు, కారం మాడుతుంది. థర్మామీటర్ గుచ్చి చూసి, 74 దాటితే మూడు నిమిషాలు పళ్లెంలో వదిలేయండి, రసం లోపలికి సర్దుకుంటుంది. ఆ మూడు నిమిషాల్లో కూరగాయలను బుట్టలో రెండు నిమిషాలు వేడి చేసుకుంటే సరి. మీరు చెప్పులు విప్పేసరికి భోజనం బల్ల మీద ఉంటుంది. మొత్తం ముప్పై నిమిషాలు మెషిన్ నడిచినా ముప్పావు యూనిట్ కరెంటు దాటదు.

పొగ ఎందుకొచ్చిందంటే, చికెన్ కొవ్వు కారి కింది డ్రాయర్ అడుగున కాలింది. తోలు తీసిన ముక్కలకు ఇది తక్కువ. లెగ్ పీసులు చేసినప్పుడు డ్రాయర్‌లో, బుట్ట కింద, రెండు చెంచాల నీళ్లు పోస్తే కొవ్వు మాడదు. చల్లారాక స్పాంజితో కడగండి. స్టీల్ పీచు తగిలితే నాన్‌స్టిక్ పూత లేచిపోతుంది. పైన కాయిల్‌కు అంటిన నూనెను కూడా నెలకోసారి ప్లగ్ తీసి, తడి బట్టతో తుడవాలి. పాత నూనె కాలినా పొగే.

ఇక అత్తయ్య గారు. ఆవిడ పెరుగన్నం తిని లేవడానికి కారణం ముక్క బాగోలేకపోవడం ఒక్కటే కాదని నాకనిపిస్తోంది. బుట్టలోంచి తీసిన చికెన్ ఎంత బాగా కుదిరినా పొడి ముక్క. కూరగాయలూ పొడివే. అన్నంలో కలుపుకోవడానికి ఏముంది? జీవితమంతా పులుసుతోనో చారుతోనో మొదటి ముద్ద కలుపుకున్నవాళ్లకు అది భోజనంలా ఉండదు, పలహారంలా ఉంటుంది. తడిని లాగేసే మెషిన్ కొన్నాం కాబట్టి, ఆ తడి పొయ్యి మీది నుంచి రావాలి. మిరియాల చారు పది నిమిషాల పని. వేయించిన కోడి ముక్క, పప్పుచారు మన విందుల్లో ఎంత పాత జోడీయో మీకు చెప్పక్కర్లేదు. ఆవిడకు ఓపిక ఉంటే, ఇష్టమైతే, ఆ చారు బాధ్యత ఆవిడకే ఇవ్వండి. ఇంట్లో రెండు నెలలుగా ఏ పనీ తనది కాకుండా కూర్చున్న మనిషికి అది భారం కాకపోవచ్చు. అడిగి చూడండి, వద్దంటే వదిలేయండి.

చికెన్ తీశాక డ్రాయర్ అడుగున ఎర్రటి రసం దిగి ఉంటుంది. నీళ్లు పోయని రోజున అది చిక్కటి మసాలా. కడిగి పారేయకండి. చిన్న గిన్నెలోకి వంచి, పొయ్యి మీద ఒక పొంగు బాగా రానిచ్చి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. రెండు మూడు చెంచాలే వస్తుంది. అది అత్తయ్య గారి వేడి అన్నంలో వేయండి.

మొదటిసారి మాత్రం సోమవారం దాకా ఆగకుండా, ఈ శనివారం సాయంత్రం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు చేసి చూడండి. ఒక్కో మెషిన్ వేడి ఒక్కోలా ఉంటుంది, నేను చెప్పిన నిమిషాలకు మీది రెండు అటో ఇటో అడగవచ్చు. మీ ఇంట్లో సరిపోయిన అంకెలు ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. సోమవారం వండేది మీ ఆయన కదా.